తగిలితే మోగలేదు.. తగలకపోతే మోగింది!

దుబాయ్ నుంచి ఒక తెలుగు ఉద్యోగి

తెల్లవారుజామున నాలుగున్నర. జబల్ అలీ దగ్గర మా కంపెనీ యార్డులో, ఏసీ రొద తప్ప ఇంకేమీ వినిపించని గదిలో నేనొక్కణ్నే కూర్చుని ఉన్నాను. ఎదురుగా గోడకి రెండు పెద్ద స్క్రీన్లు. వాటి మీద చీమల బారులా మా లారీలు. ఒక్కో చుక్క ఒక్కో బండి. ఉన్నట్టుండి ఒక చుక్క ఎర్రబడింది. టింగ్‌మని గంట మోగింది. 'హార్ష్ బ్రేకింగ్' అని పక్కనే అక్షరాలు. బండి నంబరు చూస్తే మన జగిత్యాల అన్నది!

రెండు నిమిషాలు ఆగి ఫోన్ చేశాను. "అన్నా, ఏమైంది? అంతా బాగేనా?"

"ఏం గాలే తమ్మీ. ఒకడు ఎగ్జిట్ దాటిపోతుందని మూడు లేన్లు కోసుకుంట నా ముంగటికి వచ్చిండు. బ్రేక్ కొట్టిన. తాకలే. దేవుని దయ."

అంతే. మళ్లీ గేరు వేసుకుని వెళ్లిపోయాడు. నేనూ రిజిస్టర్లో ఒక లైను రాసుకుని ఊరుకున్నాను. ఆ నెలాఖరున జీతం స్లిప్పు వచ్చాక తెలిసింది అసలు సంగతి. సేఫ్టీ బోనస్ అని నెలకి 250 దిర్హామ్‌లు వచ్చే చోట సున్నా ఉంది. కారణం: గట్టిగా బ్రేకు కొట్టడాలు, ఆ నెలలో మూడు. అన్న నేరుగా నా గదికి వచ్చాడు. కోపంగా రాలేదు, అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

"తమ్మీ, ఒక్క మాట అడుగుత. బ్రేక్ కొట్టకపోతే పైసలు ఇస్తరా?"

జవాబు చెప్పలేకపోయాను. ఆ 250 దిర్హామ్‌లు ఆయనకి చిల్లర కాదు. ఊళ్లో చిన్నకూతురు డిప్లొమా చదువుతోంది. నెలనెలా హాస్టలు ఖర్చు ఆ డబ్బుతోనే వెళ్తుంది.

గల్ఫ్‌లో డ్రైవరు ఉద్యోగం చేసే మనవాళ్లు కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లయినా, గోదావరి జిల్లాల నుంచో, కడప నుంచో వచ్చినవాళ్లయినా ఈ పాటికి బండిలో ఆ నల్లడబ్బా చూసే ఉంటారు. చాలామందికి అది శత్రువు. "మనోడు కాదు, సేఠ్ మనిషి" అంటారు. నేను ఆ డబ్బా వెనక కూర్చునే ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి అది ఏం చూస్తుందో, ఏం చూడదో నాకు తెలిసినంత మేరకు చెబుతాను. ఆ తర్వాత అన్న అడిగిన ప్రశ్న దగ్గరికే వద్దాం.

డబ్బాలో ఏముంది?

ప్రధానంగా మూడు పనిముట్లు. ఒకటి జీపీఎస్. బండి ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది అన్నది చెబుతుంది. రెండోది గోరంత చిప్పు, యాక్సెలెరోమీటర్ అంటారు. బండి ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందికీ ఎంత బలంగా ఊగిందో కొలుస్తుంది. మీ సెల్‌ఫోన్ అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది చూడండి, అదీ ఈ జాతి చిప్పు పనే. మూడోది కెమెరా. ఒకటి రోడ్డు వైపు, కొన్ని బండ్లలో రెండోది డ్రైవరు వైపు.

జీపీఎస్ మామూలుగా సెకనుకి ఒకసారి లెక్క ఇస్తుంది. ఢీకొనడం అన్నది సెకనులో పదోవంతులో అయిపోయే పని. అంటే జీపీఎస్ కళ్లు మూసి తెరిచేలోగా అంతా ముగిసిపోతుంది! అందుకే సెకనుకి వందసార్లు, అంతకన్నా ఎక్కువసార్లు కూడా కొలిచే చిప్పు కావాల్సి వచ్చింది.

ఆ కొలతని 'జీ'లలో చెబుతారు. భయపడకండి, లెక్క తేలికే. ఒక జీ బలంతో బ్రేకు పడితే బండి వేగం ప్రతి సెకనుకీ సుమారు 35 కిలోమీటర్లు పడిపోతుంది. మనం సిగ్నల్ చూసి నింపాదిగా ఆపేటప్పుడు పడేది 0.1, 0.2 జీ అంతే. 0.4 దాటితే సీటు మీదున్న టీ ఫ్లాస్కు కిందపడుతుంది. మా కంపెనీలో గీత అక్కడే గీశారు. 0.4 దాటిందా, గంట మోగుతుంది.

కెమెరా సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అది నిరంతరం తీస్తూ, పాతది చెరుపుకుంటూ పోతుంది. గంట మోగిన క్షణంలో మాత్రం, అప్పటికే తీసినదాంట్లోంచి చివరి ముక్కని చెరిపేయకుండా పట్టుకుంటుంది. అమెరికాలో శాన్ డియాగోలో 1998లో డ్రైవ్‌కామ్ అని ఒక కంపెనీ మొదలైంది. లారీలు, బస్సుల్లో ఈ పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చినవాళ్లలో వాళ్లొకరు. ఇప్పుడు ఆ కంపెనీ పేరు లిట్క్స్. గంటకి ముందు 8 సెకన్లు, తర్వాత 4 సెకన్లు. ఆ 12 సెకన్లలోనే కథంతా ఉంటుంది. ఇక్కడ తిరిగే పెట్టెలు ఎన్ని కంపెనీలవైనా ఉపాయం మాత్రం అదే.

గంట ఎందుకు తప్పుతుంది?

చెప్పాలంటే మొదటి ఆరు నెలలూ మా గదిలో గంటలు గుడిలో మోగినట్టు మోగేవి. నేను తెరిచి చూసిన క్లిప్పుల్లో సగానికి సగం ఉత్తవే. స్పీడ్ బ్రేకరు మీద ఎగిరినా మోగేది. ట్రైలర్‌ని తగిలించడానికి లారీ తల వెనక్కి వచ్చి కొక్కెం పడినప్పుడు 'ఠక్'మంటుంది కదా, దాన్ని యాక్సిడెంట్ అనుకునేది. ఒకసారి ఫోర్క్‌లిఫ్ట్ వాడు సరుకు దించుతూ బండిని కుదిపితే 'కొలిజన్' అని ఎర్ర అక్షరాలు! డ్రైవరు బండిలోనే లేడు, కెఫెటేరియాలో పరాఠా తింటున్నాడు.

ఇది మా పెట్టె ఒక్కదానికే ఉన్న రోగం కాదు. 2022లో వచ్చిన ఐఫోన్ 14లో కారు ప్రమాదాన్ని ఫోనే కనిపెట్టి ఎమర్జెన్సీకి ఫోన్ చేసే ఏర్పాటు పెట్టారు. అమెరికాలో రోలర్ కోస్టర్ ఎక్కినవాళ్ల ఫోన్లు జేబుల్లోంచే 911కి ఫోన్లు చేసేశాయి. కుదుపు కుదుపే కదా, దానికి సంతోషమేదో ప్రమాదమేదో ఏం తెలుసు!

లేని ప్రమాదానికి మోగితే విసుగు పుడుతుంది, అంతే. ఉన్న ప్రమాదానికి మోగకపోవడం వేరే సంగతి. అది మా యార్డులోనే జరిగింది.

నోటీసు బోర్డు మీద 'బెస్ట్ డ్రైవర్' అని ఫోటో పెట్టిన మనిషి ఒకడున్నాడు. ఏ దేశంవాడో ఇక్కడ అనవసరం. ఆరు నెలలుగా నూటికి నూరు మార్కులు. ఒక్క గంటా లేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశాడు, కారుని వెనక నుంచి కొట్టానని. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న చిన్న కారు. లారీ ఎక్కువ స్పీడులో కూడా లేదు, గంటకి 30 కిలోమీటర్లు ఉంటుందేమో. ఫోన్ వైపు చూస్తూ బ్రేకు మీద కాలు పెట్టకముందే తగిలింది. కారులో ఉన్నాయన మెడకి పట్టీ వేసుకుని చాన్నాళ్లు తిరిగాడు. ప్రాణం పోలేదు, అదే అదృష్టం.

నేను స్క్రీన్ చూశాను. ఆ బండి చుక్క పచ్చగానే ఉంది. గంట మోగలేదు!

పెట్టె పాడయిందేమోనని విప్పి చూపించాం. పాడవలేదు. తర్వాత కాగితం మీద లెక్క వేస్తే తెలిసింది. సరుకుతో కలిపి మా లారీ 40 టన్నులు. కారు టన్నున్నర. 30 వేగంతో వచ్చిన లారీ ఆగి ఉన్న కారుని కొట్టి రెండూ కలిసి కదిలితే, లారీ వేగం 30 నుంచి సుమారు 29కి తగ్గుతుంది. అంతే. ఒక్క కిలోమీటరు తేడా! అదే కారు మాత్రం సున్నా నుంచి ఒక్కసారిగా 29కి ఎగురుతుంది. కారులోవాళ్లకి పిడుగు పడ్డట్టు ఉంటుంది. లారీ పెట్టెకి తెలిసేది సగటున 0.3 జీ, అంటే కాస్త గట్టి బ్రేకు. మేం గీసిన గీత 0.4. ఏనుగు తొక్కితే చీమ చస్తుంది, ఏనుగుకి అరికాలు దురద కూడా పెట్టదు.

గీతని 0.2కి దించేస్తే సరిపోదా అని మీరు అడగొచ్చు. మేమూ అలాగే అనుకుని ఒక వారం దించి చూశాం. రోజుకి ఎన్ని గంటలో లెక్కపెట్టలేక మళ్లీ పైకి ఎత్తేశాం. ఒక్క కొలతనే నమ్ముకుంటే ఇంతే. పెద్ద బండికి ఒక గీత, పికప్‌కి ఒక గీత ఉండాలి. పైగా కుదుపు ఆకారం చూడాలి. బ్రేకు బలం మెల్లగా పెరిగి సెకను, రెండు సెకన్లు నిలుస్తుంది. ఢీ అన్నది సూదిమొనలా లేచి పడిపోతుంది. గుంటలో పడితే పైకీ కిందికీ ఊపు, ఢీ అయితే ముందుకీ వెనక్కీ ఊపు. వీటన్నిటికీ కెమెరాలో కనిపించేదాన్ని జోడించి చూసే పెట్టెలు ఇప్పుడు వస్తున్నాయి. మా పాత పెట్టెకి ఆ తెలివి లేదు.

తగలని ప్రమాదాల లెక్క

అన్న ప్రశ్న దగ్గరికి వద్దాం. అసలు తగలనిదాన్ని ఎందుకు లెక్కపెట్టాలి?

ఈ ఆలోచన పాతదే. అమెరికాలో హైన్రిచ్ అనే బీమా కంపెనీ ఉద్యోగి 1931లో ఒక పుస్తకం రాస్తూ, ఒక పెద్ద గాయానికి 29 చిన్న గాయాలు, గాయమే లేని 300 సంఘటనలు అడుగున ఉంటాయన్నాడు. ఆ అంకెలు అన్ని చోట్లా అలాగే రావని తర్వాతివాళ్లు గట్టిగానే వాదించారు. నాకూ ఆ అంకెల మీద నమ్మకం లేదు. పెద్ద ప్రమాదం కోసం ఎదురుచూడకుండా అడుగున ఉన్న చిన్నవాటిని చూడమన్న మాట మాత్రం నిలబడింది. 1960ల చివర్లో జనరల్ మోటార్స్ పరిశోధకులు కూడళ్ల దగ్గర నిలబడి, ఎవరు ఎక్కడ ఉలిక్కిపడి బ్రేకు కొట్టారో, ఎవరు పక్కకి కోశారో లెక్కరాశారు. స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టర్ హిడెన్ అనే పరిశోధకుడు 1987 నాటికి దాన్ని ఒక శాస్త్రంగా మలిచాడు.

బండ్లలోనే కెమెరాలు పెట్టి చూసిన పెద్ద ప్రయత్నం అమెరికాలో వర్జీనియా టెక్ వాళ్లది. వాషింగ్టన్ చుట్టుపక్కల 100 కార్లకి పరికరాలు బిగించి సుమారు ఏడాదిపాటు వదిలేశారు. 2006లో ఫలితాలు వచ్చాయి. దాదాపు 20 లక్షల మైళ్ల ప్రయాణంలో ప్రమాదాలు 82. వెంట్రుకవాసిలో తప్పినవి 761. అంతకన్నా చిన్న సంఘటనలు 8,295. ఇంకో సంగతి కూడా బయటపడింది. ప్రమాదం జరిగిన సందర్భాల్లో దాదాపు 80 శాతం, అంతకు ముందు మూడు సెకన్లలోపు డ్రైవరు చూపు రోడ్డు మీద లేదు. ఫోనో, రేడియోనో, నిద్రమత్తో, పక్కనున్న ఇంకేదో. డ్రైవర్లు పోలీసులకి ఇచ్చే వాంగ్మూలంలో ఇవన్నీ ఎక్కడ చెబుతారు! కెమెరా ఉంది కాబట్టి తెలిసింది.

ఆ 82 ప్రమాదాల కోసమే కూర్చుంటే నేర్చుకునేది కొంచెమే. 761 చూస్తే ఏ మలుపులో, ఏ వేళలో, ఎవరి వల్ల అన్నది తేలుతుంది. పైగా ఆ 761 మందీ బతికే ఉన్నారు, అడిగితే చెబుతారు.

తప్పిపోయిందని ఎలా కొలుస్తారంటే, ముందున్న బండికీ మనకీ మధ్య దూరాన్ని, మనం దాన్ని సమీపిస్తున్న వేగంతో భాగిస్తారు. వచ్చేది సెకన్లు. ఎవరూ ఏమీ చెయ్యకపోతే ఇన్ని సెకన్లలో తగులుతుంది అని అర్థం. అది సెకనున్నరకి దిగిందంటే గుండె గొంతులోకి వచ్చినట్టే.

అన్న క్లిప్పు తీసి చూశాను. ఆయన 80లో వస్తున్నాడు. కారువాడు ముందుకి దూరి ఎగ్జిట్ కోసం 50కి తగ్గాడు. మధ్యలో 12 మీటర్లు ఉంటుందేమో. తేడా 30 వేగం అంటే సెకనుకి 8.3 మీటర్లు. లెక్కేస్తే 1.4 సెకన్లు. అన్న కొట్టిన బ్రేకు సగం జీ. ఆ బ్రేకుకి 30 వేగం తేడా చెరిగిపోవడానికి 7 మీటర్లు కావాలి. మిగిలింది 5 మీటర్లు. మామూలు మనిషికి చూసి, తెలుసుకుని, కాలు బ్రేకు మీదకి మార్చడానికి ఒక సెకను పడుతుంది. ఆ సెకనులోనే 8 మీటర్లు పోతాయి. అంటే లెక్క ప్రకారం తగలాలి!

తగల్లేదు. ఎందుకంటే కారు ఇంకా మూడో లేనులో ఉండగానే అన్న యాక్సిలేటర్ మీద నుంచి కాలు తీసేశాడు. క్లిప్పులో ముందున్న ఎనిమిది సెకన్లు చూస్తే స్పష్టంగా తెలుస్తోంది. కాలు బ్రేకు మీద సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు. "ఎట్ల తెలిసిందన్నా?" అని అడిగితే నవ్వాడు. "వాని తల ఇటు తిరిగింది తమ్మీ. ఇండికేటర్ వెయ్యలే గని తల తిరిగింది. ఇరవై రెండేండ్ల సంది నడుపుతున్న, ఆ మాత్రం తెల్వదా."

ఆయన చేసిన ఆ పని ఒక కుటుంబాన్ని కాపాడింది. మా పెట్టె దానికి ఇచ్చిన బహుమతి మైనస్ పది మార్కులు.

మిగతా రెండు గంటలూ తీశాను. ఒకటి అలాంటిదే, అదే ఎగ్జిట్ దగ్గర. ఇంకొకటి నిజంగా ఆయన తప్పే. నిద్ర లేకో, పరధ్యానమో, ముందున్న బస్సు ఆగడం ఆలస్యంగా చూశాడు. అది చూపిస్తే తల దించుకుని "అవు, ఇది నాదే" అన్నాడు.

మరి నూరు మార్కుల బెస్ట్ డ్రైవర్ సంగతి? గంటలు లేవు కాబట్టి క్లిప్పులు లేవు. కార్డులో మిగిలిన పాత రికార్డింగ్ తెప్పించి చూశాం. 80లో పోతూ ముందు బండికి 18 మీటర్ల దూరంలో, అంటే సెకను కన్నా తక్కువ వ్యవధిలో, దాదాపు తన బండి పొడవంత దూరంలో వేలాడుతూ పోతున్నాడు. బ్రేకు కొడితే బోనస్ పోతుందని బ్రేకు కొట్టడం మానేశాడు. పక్క లేనులోకి కోసుకోవడం, లేదంటే హారన్ మోగించి ముందువాణ్ని తప్పించడం. మేమే నేర్పినట్టయింది కదా ఆ విద్య! ఇలా అంటుకుని నడపడానికి యూఏఈలో 400 దిర్హామ్‌ల జరిమానా, 4 బ్లాక్ పాయింట్లు. 24 చేరితే లైసెన్సు సస్పెండ్. పోలీసు కంటికి అది నేరం, మా పెట్టెకి నూరు మార్కులు.

మేనేజర్ దగ్గరికి ఈ రెండు క్లిప్పులూ పక్కపక్కన పెట్టి తీసుకెళ్లాను. ఆయన మొదట వినలేదు. "సిస్టమ్ ఈజ్ సిస్టమ్" అన్నాడు. కారు యజమాని బీమా క్లెయిము కాగితాలు వచ్చాక విన్నాడు. ఆఫీసుల్లో అంతే, ప్రాణం కన్నా కాగితం బరువెక్కువ.

మార్పులు ఒక్కరోజులో రాలేదు. బ్రేకు కొట్టినందుకే మార్కులు తీసేయడం ఆపేశాం. ప్రతి ఎర్ర గంటకీ క్లిప్పు చూసి, తప్పు ఎవరిదో రాయాలన్నది నియమమైంది. చూసేవాళ్లలో ఒకరు స్టీరింగ్ పట్టి పండిపోయిన డ్రైవరే అయి ఉండాలని పట్టుబట్టాను. ముందు బండికి దూరం కొలిచే కెమెరాలు కొన్ని బండ్లకి కొత్తగా పెట్టారు. అన్నిటికన్నా నాకు నచ్చింది వాయిస్ మెసేజ్. గంట మోగినా మోగకపోయినా "ఇక్కడ ఇలా తప్పించుకున్నాను" అని డ్రైవరు తన భాషలో చెప్పి పంపొచ్చు. మనవాళ్లు తెలుగులోనే పంపుతారు, నేను ఇంగ్లిష్‌లో రాసుకుంటాను. శిక్ష ఉండదని మొదట ఎవరూ నమ్మలేదు. రెండు నెలలు ఒక్క మెసేజ్ రాలేదు. అన్నే మొదలుపెట్టాడు.

వాటిని మ్యాపు మీద గుర్తులు పెడుతూ పోతే ఆ ఎగ్జిట్ దగ్గర ఒక్కచోటే గుంపుగా చేరాయి. అందరివీ ఉదయం షిఫ్టు మారే వేళే. మేం రోడ్డు మార్చలేం. లోడింగ్ వేళ ముప్పావు గంట ముందుకి జరపమని కస్టమర్‌ని అడిగాం, ఒప్పుకున్నాడు. ఆ వేళకి మా బండ్లు అక్కడ ఉండవు, అంతే.

ఇది రాస్తుంటే నాకు 2019 జూన్ 6 గుర్తొస్తోంది. ఈద్ సెలవుల్లో మస్కట్ నుంచి దుబాయ్ వస్తున్న బస్సు రషీదియా ఎగ్జిట్ దగ్గర ఎత్తు పరిమితి కోసం పెట్టిన ఇనుప బ్యారియర్‌ని ఢీకొంది. 17 మంది చనిపోయారు, వారిలో 12 మంది మన భారతీయులే. అంతకుముందు ఎన్ని పెద్ద బండ్లు పొరపాటున ఆ దారి పట్టి, చివరి క్షణంలో బ్రేకు కొట్టి ఉంటాయో! అలాంటివి ఉండి ఉంటే అవి ఆ డ్రైవర్ల గుండెల్లోనే ఉండిపోయాయి.

మన దగ్గరా ఇలాంటి పని జరిగింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ తదితరులు కలిసి 'ఐరాస్తే' అనే ప్రాజెక్టు 2021లో నాగ్‌పూర్‌లో మొదలుపెట్టారు. తర్వాత తెలంగాణకి తెచ్చి, హైదరాబాద్ నుంచి జాతీయ రహదారుల మీద తిరిగే ఆర్టీసీ బస్సులు సుమారు 200కి ముందస్తు హెచ్చరిక కెమెరాలు పెట్టారు. ముందు బండికి దగ్గరైతే డ్రైవరుకి బీప్ వినిపిస్తుంది. ఆ బీపులు ఎక్కడ ఎక్కువగా వస్తున్నాయో చూసి 'గ్రే స్పాట్స్' గుర్తించడం వాళ్ల ఉద్దేశం. ఇప్పటికే జనం చచ్చిపోయిన చోటు బ్లాక్ స్పాట్. ఇంకా చావని చోటు గ్రే స్పాట్. ఊరెళ్లినప్పుడు మీరెక్కిన బస్సులో అద్దం దగ్గర చిన్న పెట్టె కనిపిస్తే అది ఇదే కావచ్చు.

మన ముఖం వైపు తిరిగిన కెమెరా

రోడ్డు కెమెరాతో డ్రైవర్లకి గొడవ తక్కువ. ముఖం వైపు తిరిగిన కెమెరాతోనే తంటా. అది రెప్పలు ఎంతసేపు మూతపడ్డాయో, తల ఎటు తిరిగిందో చూసి 'నిద్ర', 'పరధ్యానం' అని అరుస్తుంది. నల్లకళ్లద్దాలు పెట్టుకున్నా, గట్టిగా నవ్వినా, గడ్డం గోక్కున్నా అరిచిన రోజులున్నాయి. ఒక డ్రైవరు దాని మీద చూయింగ్ గమ్ అంటించాడు. ఇంకొకతను టోపీ తగిలించాడు. నేను రిపోర్టు రాయాల్సి వచ్చింది, రాశాను. వాళ్లని తప్పుపట్టడానికి మాత్రం మనసొప్పలేదు. పన్నెండు గంటలు ఒక కన్ను మన ముఖాన్నే చూస్తుంటే ఎలా ఉంటుందో ఆఫీసులో కూర్చున్నవాళ్లు ఒకరోజు పెట్టుకుని చూడాలి.

పైగా నిద్ర వస్తోందని కెమెరా చెబుతుంది, ఎందుకు వస్తోందో చెప్పదు. క్యాంపులో ఒకే గదిలో ఎనిమిది మంది, నలుగురిది పగటి డ్యూటీ, నలుగురిది రాత్రి. ఏసీ చెడిపోయి మూడు రోజులు. ఆ వారంలో నిద్ర గంటలు ఎక్కువ మోగితే తప్పు రెప్పలదా? ఒకసారి ఇలా వరుసగా మోగిన ఐదుగురి పేర్లు చూస్తే అందరిదీ ఒకే గది! మెమో ఇవ్వబోయిన సూపర్‌వైజర్‌ని ఆపి, ఏసీ మెకానిక్‌ని పంపించాం. గంటలు తగ్గాయి.

అలాగని కెమెరా వద్దే వద్దనే డ్రైవర్ల మాటకి నేను ఒప్పుకోను. గల్ఫ్‌లో ప్రమాదంలో మనిషి పోతే కేసు, ప్రయాణ నిషేధం, దియా సొమ్ము.. ఈ వలలో చిక్కుకుని ఏళ్ల తరబడి ఇంటి ముఖం చూడని మనవాళ్ల కథలు ఈ పేజీలో మీరు చదివే ఉంటారు. భాష రాదు, సాక్షి ఉండడు. అలాంటప్పుడు ఆ 12 సెకన్లే మన సాక్షి. మా దగ్గరే ఒకతన్ని, కారు తనంతట తానే లారీ కిందకి దూరిందని క్లిప్పు చూపించి బయటపడేశాం. ఆ తర్వాత అతను కెమెరా అద్దాన్ని రోజూ తుడుచుకుంటున్నాడు.

డ్రైవరు ఉద్యోగంలో ఉన్న సోదరులకి రెండు మాటలు. మార్కులు తగ్గాయని స్లిప్పు మీద కనిపిస్తే ఊరుకోవద్దు. క్లిప్పు చూపించమని మర్యాదగా అడగండి. తేదీ, వేళ, చోటు ఏ రోజుకారోజు ఫోన్లో మాటగా రికార్డు చేసి పెట్టుకోండి. చాలా పెట్టెల్లో కార్డు నిండగానే పాతది చెరిగిపోతుంది, నెలాఖరు దాకా ఆగితే మీ సాక్ష్యం ఉండదు. చిన్నగా తగిలినా, పెట్టె మోగకపోయినా, ఆగి పోలీసులకీ ఆఫీసుకీ చెప్పండి. తెలియనట్టు వెళ్లిపోతే చిన్న గీత కాస్తా పారిపోయిన కేసు అవుతుంది. ఇక ప్రమాదం వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే అలవాటు మనవాళ్లకి చాలా ఉంది. యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం ప్రమాద బాధితుల ఫోటోలు, వీడియోలు పంచుకోవడం నేరం. మీరు తప్పు చేయకపోయినా ఆ ఒక్క ఫార్వర్డుతో ఇరుక్కుంటారు.

అన్న పోయిన ఏడాది ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్లిపోయాడు. ఆ పోయిన బోనస్ తిరిగి రాలేదు. పాత నెలల లెక్క తెరవడం కుదరదన్నారు. ఎయిర్‌పోర్టుకి నేనే దింపాను. కారులో నా పక్కన కూర్చుని దారి పొడవునా కుడికాలు నేలకేసి నొక్కుతూనే ఉన్నాడు, అక్కడ బ్రేకు ఉన్నట్టు.

మొన్న జగిత్యాల నుంచి ఫోన్ చేశాడు. పెద్దకొడుకు ఇటుకల లోడ్లకి టిప్పర్ కొన్నాడట. "తమ్మీ, ఆ డబ్బా లేదా, టింగ్ టింగ్ అంటది, అది ఇక్కడ ఎంతకి దొరుకుతది? వీడు బస్సుల ఎనుక అంటుకుని పోతున్నడు, నా మాట ఇంటలేడు" అన్నాడు.

హైదరాబాద్‌లో ఇద్దరు ముగ్గురిని అడిగి చెబుతానన్నాను. "దూరం చూసేదే కావాలె. బ్రేక్ చూసేది వద్దు" అని ఫోన్ పెట్టేశాడు.